పొద్దున్నే ఎగిరిపోయే ఫ్యూజు

"ఒలే ప్రమోదినీ! ఫ్యూజు ఎగిరిపోనాదే!"

పెరట్లోంచి మా బావ కేక వేసేసరికి నా చేతులు రెండూ ఇడ్లీ పిండిలో ఉన్నాయి. బావంటే మేనమామ కొడుకు, కట్టుకున్న మొగుడు కూడా. వంటింట్లో లైటు ఆరిపోయింది, ఫ్రిజ్ ఆగిపోయింది. కేక వెనకాలే రెండో కేక కూడా వస్తుందని నాకు తెలుసు. "మల్లీ మిక్సీ ఏసీసినావేటి?"

వెయ్యలేదు. అయినా చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్లి, స్టూలెక్కి, మెయిన్ ఆపి, తెల్ల పింగాణీ ఫ్యూజు ఊడబీకి, నల్లగా మాడిన తీగ గోటితో గోకి, కొత్త తీగ చుట్టి బిగించాను. పెళ్లైన కొత్తలో "నువ్వు సన్నగున్నావు, నువ్వెక్కు" అని బావ స్టూలు చూపించాడు. ఆ తర్వాత నేను లావయ్యాను గానీ స్టూలు మాత్రం నాదే అయిపోయింది. కాశీబుగ్గ బజార్లో ఎరువుల షాపు నడిపే మనిషికి సొంత ఇంట్లో ఫ్యూజు తీగ ఏ డబ్బాలో ఉంటుందో ఈనాటికీ తెలియదు.

ఈ గొడవంతా హీట్ పంప్ వచ్చాక మొదలైంది. విశాఖపట్నంలో స్నేహితుడి ఇంట్లో చూసొచ్చి ముచ్చటపడి తెప్పించాడు. ఏసీకి బయట బిగించే పెట్టె లాంటిది ఒకటి, దాని పక్కన నిలువెత్తు నీళ్ల ట్యాంకు ఒకటి. గాలిలో ఉన్న వేడిని లాక్కుని, నింపాదిగా, తక్కువ కరెంటుతో నీళ్లు కాస్తుందట. అంతకుముందు ఆ పని నాది. పెరటి పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి, కొబ్బరి డొక్కలు రాజేసి, పొగకి కళ్లు నులుముకుంటూ కాచి బాత్రూమ్‌కి మోసేదాన్ని. ముందు బావ స్నానం, తర్వాత అత్త, తర్వాత మా అమ్మాయి ధరణి. అడుగున మిగిలిన మసినీళ్లు నావి. మిషను వచ్చిన రోజు నేను దానికి బొట్టు పెట్టి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఎందుకంటే నా ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది. పెళ్లికి ముందు నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసేదాన్ని. గుండు పప్పు ఏదో, బద్ద ఏదో కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పగలను. ఇప్పుడు అక్కడే గ్రేడింగ్ సెక్షన్‌కి సూపర్‌వైజరుగా రమ్మన్నారు. పొద్దున్న షిఫ్టు. సోమవారం లోపు ఏ మాటా చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఈ సంగతి చెబితే బావ అన్నం కలుపుకుంటూ, "ఎల్తానంటే నానొద్దంటానేటి? మిషను సరిగ్గా నడిత్తే ఎల్లు. నడవకపోతే నీల్లెవలు కాత్తారు?" అన్నాడు. ఎంత ధర్మంగా మాట్లాడాడో అనుకున్నాను ఆ పూట.

ఇక చూడండి నా తిప్పలు. సాయంత్రం ఏనాడూ ఎగరని ఫ్యూజు పొద్దున్నే ఎగిరిపోతుంది. మిషనుకీ వంటింటికీ ఒకటే లైను కాబట్టి చీకటి వంటింట్లో పడుతుంది, నేరం నా మీద పడుతుంది. మిక్సీ మానేసి పచ్చడి రోట్లో రుబ్బాను. ఎగిరింది. నీళ్ల మోటారు వెయ్యడం మానేశాను. ఎగిరింది. ఫ్రిజ్ ఆపేసి పాలు గట్టు మీద పెట్టాను. పాలు విరిగాయి, ఫ్యూజూ ఎగిరింది. "దానికి మిషన్లు అచ్చిరావురా" అంది మా అత్త రత్నాలమ్మ కొడుకుతో, నేను పక్కనే ఉండగా, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. నేను మళ్లీ కొబ్బరి డొక్కలు ఏరుకుంటూ, వేడి నీళ్లు కూడా కాయించుకోలేనిదాన్ని యాభై మంది ఆడవాళ్లతో ఏం పని చేయిస్తానని నా మీద నేనే అనుమానపడ్డాను. అందరూ రోజూ అంటుంటే నిజమేనేమో అనిపిస్తుంది మరి.

శనివారం పొద్దున్న అందరికన్నా ముందు లేచి, మిషను పక్కన బట్టలుతికే రాయి మీద కూర్చున్నాను. ముందు కనబడింది స్విచ్చు. ఆపేసి ఉంది. పడుకునే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపడం అత్తకి అలవాటు. వాటితో పాటు దీన్నీ ఆపేస్తోంది. నేను వేశాను. మిషను సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ధరణిని లేపి మిక్సీ వెయ్యమన్నాను. కొబ్బరి పచ్చడి మొత్తం నలిగింది, ఫ్యూజు నిక్షేపంలా ఉంది.

అప్పుడు బావ వచ్చాడు, భుజాన తువ్వాలుతో, కళ్లు సగం మూసుకుని. కుళాయి కింద చెయ్యి పెట్టాడు. నీళ్లు ఇంకా గోరువెచ్చన కూడా కాలేదు. పెట్టె మీదున్న ఎర్ర మీట నొక్కి నిలబడ్డాడు. కాసేపటికే టప్‌మంది. మిషను ఆగిపోయింది. వేలు ఇంకా మీట మీదే ఉంది, మొహం మాత్రం వంటింటి వైపు తిప్పి, "ఒలే ప్రమోదినీ! ఫ్యూజు..." అని మొదలుపెట్టాడు.

"నానిక్కడే ఉన్నాను బావా."

అదిరిపడ్డాడు. "నువ్విక్కడేటి సేత్తన్నావు?"

"సూత్తన్నాను. ఆ ఎర్ర మీట నొక్కితే లోపల ఇంకో హీటరు కూడా వెలుగుతాదని దాని పక్కనే రాసుంది. రెండూ ఒకేపాలి లాగితే ఈ లైను ఆగదు. రేత్రి ఆపకుండా వొగ్గీసినామనుకో, తెల్లారేసరికి నీల్లు కాగుంటాయి. మీట నొక్కక్కర్లేదు."

"పెద్ద తెలిసినట్టు సెప్పొచ్చినావు. మెకానిక్కొత్తాడు, ఆడు సెప్తాడు."

మధ్యాహ్నం మెకానిక్ గణపతిరావు వచ్చాడు. వస్తూనే బావని అడిగాడు, "ఇంట్లో ఆడోల్లు మిక్సీ, ఇస్త్రీపెట్టి ఒకేపాలి ఏసెత్తన్నారేటండి?" నేను గుమ్మంలో నిలబడి చూసిందంతా చెప్పాను. అతను మూత విప్పి, మీట నొక్కి చూసి, నాకు కాదు, బావకి చెప్పాడు. "అదేనండి. మీట ముట్టుకోకండి, రేత్రి ఆపకండి. లేదంటే దీనికి యేరే లైను లాగించండి."

బావ తల పంకించాడు. "నానదే అన్నాను గదా! నానెప్పుడో కనిపెట్టినాను. ఇంట్లో సెప్తే యినరు."

"ఆడికి సిన్నప్పట్నించీ ఇలాటియాటిల్లో బుర్రెక్కువ" అంది అత్త.

టీ గ్లాసుల పళ్లెం నా చేతుల్లో ఉంది. ఒళ్లు మండిపోయింది. అబద్ధం చెప్పినందుకు కాదు, అంత సునాయాసంగా చెప్పినందుకు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడకూడదన్న జంకు కూడా లేదు, చూస్తూనే అన్నాడు. ధరణి గది గుమ్మంలోంచి నా మొహమే చూస్తోంది, అమ్మ ఏమంటుందా అని. నేను టీ ఇచ్చాను. కానీ పళ్లెం ఖాళీ అయ్యేలోపే నాకొకటి అర్థమైపోయింది. ఈ మిషను బాగుపడినా నేను ఉద్యోగానికి వెళ్లలేను. ఇది బాగుపడితే ఇంకోటి పాడవుతుంది. అత్తకి మోకాళ్లు నొప్పెడతాయి, ధరణికి పరీక్షలొస్తాయి, బావకి చల్లారిన ఇడ్లీ గొంతు దిగదు. నన్ను ఆపుతున్నది ఫ్యూజు అనుకుని ఇన్నాళ్లూ తీగ చుడుతూ కూర్చున్నాను, నా బుద్ధి మండ!

వేరే లైను మాటెత్తితే బావ "సూద్దాం లే" అన్నాడు. ఆదివారం పడుకోబోయే ముందు అత్త అలవాటు ప్రకారం వెళ్లి మిషను ఆపేసింది. చూశాను. మళ్లీ వెయ్యలేదు. ఫ్యాక్టరీకి అప్పటికే ఫోన్ చేసి రేపొస్తున్నానని చెప్పేశాను. ఆ సంగతి బావకీ చెప్పాను. టీవీ మీంచి కళ్లు తిప్పకుండా నవ్వాడు.

సోమవారం ఇడ్లీలు మూతపెట్టి, చన్నీళ్లు పోసుకుని, ధరణి జడ వేసి, రోడ్డెక్కి ఆటో ఎక్కాను. ఆటో నిండా క్యారేజీలు ఒళ్లో పెట్టుకున్న జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్లే. నాకు చోటివ్వడానికి ఒకరి మీదకి ఒకరు ఒరిగారు. కాశీబుగ్గ ఇంకా రాలేదు, ఫోను మోగింది.

"ఒలే, యెక్కడున్నావు? నిజంగానే ఎల్లిపోనావేటి? ఇక్కడ ఫ్యూజు ఎగిరిపోనాది. నీల్లు సల్లగున్నాయి. ఇప్పుడు నానేటి సెయ్యాల?"

"కనిపెట్టినోడివి నువ్వే గదా బావా," అన్నాను, "నన్నడుగుతావేటి?"