కొత్త ఫ్యూజు

దుమ్ము తుడవడానికి యాంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టాలంటే ఈ వారమంతా నాకు భయమే. పగిలిన ఫ్యూజు అక్కడేం లేదు. వంటింట్లో మెంతుల డబ్బా అడుగున, కాగితంలో చుట్టి దాచాను.

సోమవారం పొద్దున, రోజూ పనికెళ్ళే రాయచోటి బస్సుకు పరుగెత్తుతూ మా ఆయన ఉమామహేశ్ దాన్ని నా చేతిలో పెట్టారు. అంగుళం పొడవు గాజు గొట్టం. పాట ఇంకా బాగా వినపడుతుందని ఏదో దేశం నుంచి తెప్పించారు. "పాత ఫ్యూజు తీసి ఇది పెట్టు. బాణం గుర్తు కుడిపక్కకుండాల. ఆదివారం దాకా పగలంతా పాట నడుస్తానే ఉండాల, అప్పుడే స్పీకర్ల గొంతు విచ్చుకుంటాది. నడమ ఆపినావంటే చూడు" అన్నారు. కూరగాయలు తరుగుతున్న చెయ్యి, తడిగా ఉంది. ఆయన గడప దాటగానే ఫ్యూజు జారింది. మా ఇంట్లో నేలంతా కడప బండలే. ముక్కలు ఏరుతూ మాటిమాటికీ తలుపు వైపు చూశాను, బస్సు తప్పిపోయి వెనక్కి వస్తారేమోనని.

పాత ఫ్యూజును తీయకుండా అలాగే ఉంచేశాను. ఆరు రోజులు దానికే పాటలు వినిపించాను. వంట చేస్తూ, బట్టలుతుకుతూ, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పరుగున వచ్చి మళ్ళీ పెడుతూ. చెప్పేయొచ్చు కదా అంటారేమో. పోయినేడు స్పీకర్లకు కొత్త వైర్లు వేసి తేడా తెలిసిందా అని అడిగితే, నిజంగానే అడుగుతున్నారనుకుని తెలియలేదన్నాను. అన్నం పళ్ళెం గోడకు తగిలింది. నెల రోజులు మాటల్లేవు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మా ఆమెకు కుక్కర్ విజిల్ తప్ప ఏమీ వినపడదప్పా" అని చెప్పి నవ్వించారు. మా అత్త రామలక్ష్మమ్మ ఫోన్ చేసి, "బాగుండాదంటే నీ సొమ్మేం పోతాది?" అంది. అప్పటి నుంచి బాగుందనే అంటున్నాను. అసలు నా చెవులకేం తక్కువ? మెట్ల దగ్గర చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆయన ఆ రోజు ఎలా ఉన్నారో చెప్పగలను. ఈ ఇంట్లో అంత జాగ్రత్తగా వినేది నేనొక్కదాన్నే.

ఆదివారం టిఫిన్లయ్యాక నన్నూ, మా తొమ్మిదేళ్ళ తనూజనూ సోఫాలో కూర్చోబెట్టారు. వీణ మొదలైంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎక్కడ వంగి వెనక చూస్తారోనని చెంగు కొస పిండుతూ కూర్చున్నాను.

"అబ్బా, తెర తీసినట్టుండాది! తీగ మీద గోరు తగిలేది కూడా వినపడతాండాది. ఏమే?"

"అవునండి." గండం గడిచిందనుకున్నాను.

"నువ్వు చెప్పు బిడ్డా, ముందరికీ ఇప్పటికీ తేడా తెలుస్తాందా?"

తనూజ స్పీకర్ల వైపు చూడలేదు. నా ముఖంలోకి చూసింది. నాకు తెలియకుండానే తల ఊపాను కాబోలు, "శానా బాగుండాది నాయనా" అని నవ్వింది. అచ్చం నా నవ్వే.

ఆయన కోపానికి పన్నెండేళ్ళుగా భయపడుతున్నాను. నా బిడ్డ నవ్వు చూస్తే అంతకన్నా ఎక్కువ భయమేసింది.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. మెంతుల డబ్బా మూత తీశాను. పొట్లం తెచ్చి టీపాయ్ మీద విప్పి, తనూజకూ ఆయనకూ నడుమ నిలబడ్డాను.

"మీ ఫ్యూజు సోమవారమే పగిలిపోయిందండి. మీరు విన్నది పాతదాన్నే. నాకు ఏ తేడా వినపడలేదు. పోయినేడూ వినపడలేదు."

ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. నేను అటు చూడలేదు.

"తనూ, ఈసారి నా ముఖం చూడకుండా చెప్పు తల్లీ. నీకేం వినపడింది?"