ఒంటిచేత్తో తెరుచుకునే చాకు

చాకు తెరవబోయి పెద్దక్క ముందుపన్ను అంచు విరగ్గొట్టుకుంది. బట్టల గోదాములో, సరుకు దిగే హాల్లో, అందరూ టీకి వెళ్లిన వేళ జరిగింది. నాలుక మీద చిన్న పలుకు తగిలితే ఇసుకేమో అనుకుని ఉమ్మేసింది. తీరా నాలుక పోయి పంటి అంచు గరుకును తడిమాక గాని అది తన పన్నేనని తెలియలేదు.

ఆ గోదాముకి లారీల మీద బట్టల బేళ్లు వస్తాయి. పైన గోనెపట్టా చుట్టి, దాని మీద ప్లాస్టిక్ పట్టీలు ఊపిరాడకుండా బిగించి ఉంటాయి. పట్టీ కోయాలి, గోనె కుట్టు విప్పాలి, లోపలి గుడ్డ తానుకు గాటు పడకుండా బయటికి తీయాలి, మచ్చా మరకా చూసి రంగుల వారీగా బల్లల మీద పేర్చాలి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి. ఈ పనిలో పెద్దక్క పాతకాపు. అక్కడున్న ఆడవాళ్లందరిలో వయసులో పెద్దది గనక పెద్దక్క అయింది; తనకన్నా పెద్దవాడైన మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు.

పనికోటు జేబులో ఆమెకు ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే అలుగు బయటికొచ్చే పాత రకం. చాకు మారలేదు గాని బొటనవేలు మారింది. దాని మొదట్లో ఉన్న కీలు అరిగిపోయి, గోరు పెట్టి లాగబోతే మోచేతి దాకా నొప్పి జివ్వుమనేది. అందుకని ఎవరూ చూడనప్పుడు అలుగు పంటితో పట్టి లాగడం మొదలుపెట్టింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తను చూడలేదు గనక ఎవరూ చూడలేదనుకుంది.

పళ్ల డాక్టరు ఏం కొరికారని అడిగితే, గింజ అని చెప్పింది. ఆయన అద్దం పెట్టి మళ్లీ చూసి, ఈ గింజను చాలాకాలంగా కొరుకుతున్నట్టున్నారే అన్నాడు. పక్కన కూర్చున్న భర్త అప్పుడు నోరు మెదపలేదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. దారిలో ఎదురైన ప్రతివాణ్నీ తిట్టి తిట్టి ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతాయి. రోడ్డు మీదికొచ్చాక మాత్రం అన్నాడు.

"ఇంట్లో ఆపిల్ కోసేటప్పుడు కూడా పంటితో లాగడం చూశాను. మీ తమ్ముడి కొట్టు నిండా చాకులేగా. పోయి ఒకటి అడుగు."

తమ్ముడిది పనిముట్ల దుకాణం. సుత్తులు, పట్టకార్లు, తాళాలు, రంపాలు, వాటి మధ్య మూతపడని నోరు. అక్క చెప్పిందంతా విని, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ కథ, చెయ్యి నొప్పయితే చాకుని మార్చమంటావేంటి అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి తనూ ఆపి, గాజు బల్ల కింది నుంచి చాకులు తీసి వరసగా పరిచాడు. అందులో ఒకదానికి మీట ఉంది. నొక్కగానే అలుగు పాము పడగెత్తినట్టు ఎగిరొచ్చింది. ఆ దెబ్బకి మణికట్టు అదిరింది. అది వద్దని అక్కడే తోసేసింది. మిగతావాటిలో మూడు ఏరి, వాడి చూసి కుదిరింది ఉంచుకో, కుదరనివి తెచ్చెయ్యమని చేతిలో పెట్టాడు తమ్ముడు.

ఆమెకు కావలసింది ఏమంత గొప్పది కాదు. ఒక్క చేత్తో తెరుచుకోవాలి, అదీ బొటనవేలి మీద భారం పడకుండా. తెరిచాక తెరిచినట్టే ఉండాలి. పట్టీల మీద పదును నిలవాలి. జేబులో ఉన్నట్టు తెలియకూడదు.

మొదటిది జేబులో ఉన్నట్టు తెలిసింది. పదును అద్భుతం, పిడి కూడా నిండుగా ఉంది, కానీ తాళంకప్పంత బరువు. మధ్యాహ్నానికి కోటు ఓ పక్కకి లాగేసి, భుజం కూడా దానితోపాటు జారినట్టనిపించింది. పైగా దాని క్లిప్పు బయటికి పొడుచుకొచ్చి, ఎత్తుకున్న పట్టు తానుకి తగిలి ఒక పోగు లాగేసింది. మేనేజరు ఆ పోగునీ ఆమెనీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బావుండేది.

రెండోది పెన్నులా సన్నగా, తేలిగ్గా ఉంది. అలుగు మీద చిన్న బొడిపె. వేలు తగిలితే చాలు తెరుచుకునేది. హమ్మయ్య అనుకుంది. అయితే ఓ బేలు మీద పట్టీ మొండికేసింది. కాస్త గట్టిగా అదిమేసరికి లోపలి లాక్ జారి, అలుగు వెనక్కి వచ్చి చూపుడువేలి మీద మూసుకుంది. చేతికి తొడుగు ఉంది గనక సరిపోయింది. తొడుగు తెగింది గాని వేలు తెగలేదు. ఆమె ఆ బేలు మీదే కూర్చుని కాసేపు లేవలేకపోయింది. భయం కంటే నీరసం ఎక్కువగా ఉంది. ఇంటికి పోయి పడుకుంటే ఎవరైనా ఏమంటారు అనిపించింది. పక్క బల్ల దగ్గర పనిచేసే గుసగుస వచ్చి మంచినీళ్లిచ్చి, ఏమీ అడగకుండా వెళ్లింది.

గుసగుస అంటే మాట పైకి రాని మనిషి. మంటలంటుకున్నాయని చెప్పినా రహస్యం చెప్పినట్టే ఉంటుందని హాల్లో అందరూ ఆ పేరు పెట్టారు. పనిలో చేరి ఎంతోకాలం కాలేదు. మంచి ఒడ్డూ పొడుగూ, పిడికిలి నిండా బలం. కానీ లేత నీలానికీ బూడిద రంగుకీ తేడా తెలియక తానులు కలిపేసి, వారానికోసారైనా చీవాట్లు తింటుంది.

మూడో చాకు చూడ్డానికి సాదాసీదాగా ఉంది. అలుగులో ఒక గుండ్రటి రంధ్రం, అంతే. అందులో చూపుడువేలి పక్కభాగం ఆనించి తోస్తే అలుగు నెమ్మదిగా, పడుకున్న పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు తెరుచుకునేది. బొటనవేలితో పనే లేదు. లాక్ కట్టుదిట్టంగా పడింది. ఇంట్లో కుర్చీకోడుకి ఆనించి అదిమి చూసింది, కదల్లేదు. ఇక గోదాములో అయితే చెప్పనే అక్కర్లేదు, పట్టీ మీద పెట్టడమే తరువాయి, వెన్నలో దిగినట్టు దిగేది. ఆ వారమంతా సాయంత్రాలు చెయ్యి అంతగా సలపలేదు. భర్త ముందు చాకుని ఆకాశానికెత్తింది. దుకాణానికి పోయి, బరువుదీ బొడిపెదీ తిరిగిచ్చేసి, చాకంటే ఇదొక్కటే అని చెప్పింది. తమ్ముడు పొంగిపోయి, నేను ఆరోజే చెప్పానుగా అన్నాడు. నిజానికి ఆరోజు అతను అలాంటిదేమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, భర్త పెందలాడే డ్యూటీకి వెళుతూ తన బస్సులోనే తీసుకెళ్లి దింపాడు. గంట కొట్టడానికి ఇంకా చాలా టైముంది. హాల్లో ఒక్క లైటే వెలుగుతోంది. ఆ వెలుగులో తన బల్ల దగ్గర ఎవరో వంగి ఉన్నారు. గుసగుస. చేతిలో చాకుతో, పెద్దక్క బేళ్లకున్న పట్టీలను అడుగువైపు నుంచి ఒక్కొక్కటే కోస్తోంది. పూర్తిగా తెగకుండా, పోగంత మాత్రం వదిలిపెడుతోంది.

పెద్దక్క దగ్గరికి నడిచింది.

"ఎప్పట్నుంచి?"

గుసగుస చాకు మూసింది. "ఆ చాకు మీ వేలు మీద మూసుకుంది చూడండక్కా, ఆ మర్నాటి నుంచి."

"నేను అడిగానా?"

"లేదక్కా."

"పోనీ నువ్వు అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేవారా? మీరు పంటితో తెరిచేటప్పుడు కూడా చూశాను. చూశానని తెలిస్తే ఏమనుకుంటారోనని బయటికెళ్లి నిలబడ్డాను."

పెద్దక్కకి ముఖం వేడెక్కింది. చూసింది ఈమె ఒక్కతేనా, హాలంతా చూసిందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనేసింది. అన్న తర్వాత ఆ మాట తనకే చేదుగా తగిలింది, కానీ వెనక్కి తీసుకోలేదు. గుసగుస తలూపి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దక్క ఆ సగం కోసిన బేళ్లన్నీ పక్కకి నెట్టేసింది. గంట కొట్టాక, అప్పుడే లారీ దిగిన బేలు ఒకటి, ఎవరి చెయ్యీ పడనిది, బండి మీద తెప్పించుకుంది. చాకు తీసింది. వేలు ఆనించగానే ఎప్పటిలాగే తెరుచుకుంది. పట్టీ మీద పెట్టి లాగింది. పదును దిగింది, పిడి జారలేదు, లాక్ ఊగలేదు. తెగింది. కానీ పిడి బిగించి పట్టుకోవాలంటే బొటనవేలు కావాలి, లాగాలంటే అది బిగుసుకోవాలి. రెండో పట్టీకి కీలు మండింది. మూడోదానికి చెయ్యి వణికింది. ఆగి ఆగి కోసింది, ఎడంచేత్తో ప్రయత్నించింది, ఒకచోట తానుకి గాటు పడబోయి తప్పింది. భోజనాల వేళకి నీళ్లగ్లాసు రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది.

చాకుకి వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఒక్క వంకైనా ఉంటే బావుండునని ఎంత వెతికిందో. మూడు చాకులు మార్చింది, నాలుగోదీ మార్చగలదు, తమ్ముడి కొట్లో చాకులకి కరువా. ఇక మార్చడానికేముంది? కోపమంతా దిగిపోయి, ఆ చోట ఒట్టి అలసట మిగిలింది. దాచడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, అది అయిపోయింది.

చేతులు కడుక్కునే చోట పెద్దక్క వెళ్లి గుసగుస పక్కన నిలబడి కుళాయి తిప్పింది. ముఖం చూడకుండానే అంది.

"పొద్దున అన్న మాట తప్పే. పట్టీలు నావల్ల కావడం లేదు."

నీళ్లు పోతూనే ఉన్నాయి. గుసగుస తన కుళాయి కట్టేసింది.

"నావి కూడా నువ్వే కొయ్యి. దొంగతనంగా కాదు, ఎదురుగానే కొయ్యి. నీ తానులు కూడా నేనే చూస్తాను, రంగులు నేనే పేరుస్తాను."

"నీలాలు కూడానా అక్కా?" ఈసారి మాట కాస్త పైకే వచ్చింది.

"నీలాలు కూడా."

మేనేజరుకి ఇద్దరూ కలిసే చెప్పారు. పెద్దక్క దారంతా ఏవేవో కారణాలు కూడగట్టుకుంది గాని, చివరికి కీలు అరిగిందనే చెప్పింది. ఆయన మెడ గోక్కుని, బేళ్లు ఆగకపోతే నాకేమీ అభ్యంతరం లేదు, బల్లలు కలుపుకోండి అన్నాడు. మిగతావాళ్లు బల్ల జరపడానికి వచ్చి తలా ఓ చెయ్యి వేశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకు కొంచెం కష్టంగా అనిపించింది.

పనైతే నడిచింది. చెయ్యి ఏమీ నయం కాలేదు, వాన పట్టిన రోజుల్లో సలుపుతూనే ఉంది. పగలంతా నిలబడి రంగులు చూస్తే కళ్లు లాగేవి. అయినా సాయంత్రం కోటు గుండీలు తన చేత్తోనే విప్పుకోగలిగేది.

ఓ సెలవునాడు తమ్ముడి దుకాణానికి వెళితే, లోపల ఒక వడ్రంగి నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఆ రంధ్రం చాకు లాంటిదే ఒకటి అతని చేతిలో పెట్టి, మా అక్క గోదాములో వారమంతా బేళ్ల మీద పరీక్షపెట్టి నెగ్గించిన చాకండీ ఇది, పట్టీల్ని వెన్నలా కోసేస్తుంది అని ఊదరగొడుతున్నాడు. అక్కని చూడగానే ఇదిగో ఆవిడే వచ్చిందన్నాడు. వడ్రంగి ఆమె వైపు తిరిగి, నిజమేనా అమ్మా అని అడిగాడు.

ఆమె కాళ్లు పీకుతుంటే ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"పట్టీలు వేరే మనిషి కోసిపెట్టింది బాబూ. అది తెలియక నేనే వీడికి అలా చెప్పాను. తెరవడం మాత్రం సుఖంగా ఉంటుంది. లాక్ నమ్మొచ్చు. జేబుకి బరువుండదు. కుట్లు విప్పుకోడానికీ, దారాలు తెంపుకోడానికీ నేను ఇదే వాడుతున్నాను. గట్టివి కొయ్యాలంటే మాత్రం చాకొక్కటే చాలదు, మీ చెయ్యి చూసుకోండి."

వడ్రంగి చాకు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. తమ్ముడు టీ చెప్పొస్తానని బయటికెళ్లాడు. ఆమె గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకుంది.