కాలవ దాటని దగ్గు

ఇసుకపూడిలో అచ్యుతరామయ్యగారు దగ్గితేగాని తెల్లారేది కాదు.

నూతి దగ్గర వేపపుల్ల నమిలి, రాగి చెంబుతో నీళ్ళు పుక్కిలించి, పైపంచె భుజాన వేసుకుని ఆయన ఒక్కసారి దగ్గేవారు. ఆ దగ్గుకి ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యిలు రాజేసేవారు, పాలేళ్ళు ఎడ్లకి కుడితి పెట్టేవారు. కాలవ అవతల వేములదిబ్బ వాళ్ళు కూడా ఆ దగ్గుకే లేచేవారు. మబ్బు కిందకి దిగిన రోజైతే చెప్పక్కర్లేదు, దగ్గు తిన్నగా రేపల్లె స్టేషన్ దాకా పోయేది. తెనాలి బండికి జెండా ఊపబోతున్న గార్డు కాసేపు ఆగి, ఇసుకపూడి పెద్దాయన లేచారన్నమాట అనుకుని, అప్పుడు ఊపేవాడు.

ఆ దగ్గుకి ఇంకో పని కూడా ఉండేది. గట్టు తగువులు, నీళ్ళ వంతులు, అన్నదమ్ముల పంపకాలు, చుట్టుపక్కల ఊళ్ళవన్నీ ఆయన అరుగు మీదకే వచ్చేవి. ఆయన నోటితో తీర్పు చెప్పగా విన్నవాళ్ళు లేరు. రెండు పక్షాల మాటా వింటూ వింటూ ఎక్కడో ఒకచోట దగ్గేవారు. ఎవరి మాట మధ్యలో దగ్గితే తప్పు వాళ్ళది. అంతే, జనం తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయేవారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదుగానీ, అందరికీ సుఖంగానే ఉండేది.

కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలిన ఏడు ఆండాళమ్మ తగువు వచ్చింది. మొగుడు పోయిన మనిషి, చిట్టచివరి తూము కింద ఎకరం చేను. తూమంటే కాలవ గట్టు కిందనుంచి చేలోకి నీళ్ళు దిగే దారి. సరిగ్గా ఆ చేను పక్కన గట్టు తెగి నీళ్ళన్నీ పోయాయి. ఆవిడే గండి కొట్టిందన్నారు. ఆండాళమ్మ కొంగు నడుముకి దోపి అరుగు ముందు నిలబడింది.

"గట్టు ఎవరూ కొట్టలేదండి బాబాయిగారూ. ఎండ్రకాయలు బొరియలు పెట్టాయి. మీరొక్కసారి వచ్చి లోపల చెయ్యి పెట్టి చూస్తే..."

అచ్యుతరామయ్యగారు దగ్గారు.

అది తీర్పు కాదు పాపం. అంతకు రెండు రోజుల ముందు వానలో తడిసి ఆయనకి జలుబు చేసింది. తెల్లవార్లూ ఇల్లాలు లలితాంబగారు పసుపు ఆవిరి పట్టించారు కూడా. ఆయన నిజానికి లేచి వెళ్ళి ఆ బొరియలు చూద్దామనే అనుకుంటున్నారు. ఈలోగా దగ్గు దానంతటది వచ్చేసింది. జనం లేచిపోయారు. ఆగండి అనబోయి ఆయన చెయ్యెత్తారు. ఇవాళ ఇది జలుబని ఒప్పుకుంటే రేపట్నుంచి దగ్గినప్పుడల్లా, ఇది జలుబా తీర్పా అని అడుగుతారు కదా అనిపించింది. ఎత్తిన చేత్తో మీసం సవరించుకున్నారు. సాయంత్రానికల్లా తాటిదుంగలు, బంకమట్టి వేసి ఆ తూము మూసేశారు. ఆండాళమ్మ చేను బీడు పడింది. ఆవిడ వేములదిబ్బ పోయి టిఫిన్ బండి పెట్టుకుంది.

ఆ మర్నాడు దగ్గు రేపల్లె చేరలేదు.

అప్పట్నుంచి ఆయనకి నలుగురిలో దగ్గాలంటే భయం పట్టుకుంది. గొంతులో గరగర మొదలైతే చాలు, కొంగు దోపుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందుకొచ్చేది. మండలాలు పెట్టిన రోజుల్లో ఆఫీసర్లు ఇసుకపూడి వచ్చి, ఆఫీసుకి స్థలం ఇస్తారా అని అడిగారు. ఊరంతా ఆయన దగ్గు కోసం చూసింది. ఆయన మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నారు. కాఫీలు చల్లారిపోయాయి. కాలవ అవతల పాండురంగారావు తన మామిడితోట చూపించేశాడు. మండలం వేములదిబ్బకి పోయింది. దాని వెనకే బ్యాంకు, పశువుల ఆసుపత్రి, బాపట్ల బస్సు కూడా పోయాయి.

ఈ పాండురంగారావు బాపట్లలో వ్యవసాయం చదువుకుని వచ్చినవాడు. మంచివాడే. లూనా మీద తిరిగేవాడు, ఎవరు పిలిచినా దిగి మాట్లాడేవాడు. ఒకప్పుడు అతను తుమ్మితే పక్కగదిలో ఉన్న తల్లికి వినపడేది కాదు. మండలం వచ్చాక ఆ తుమ్ము వీధి దాటింది, ఆ తర్వాత కాలవ కూడా దాటింది. ఇసుకపూడిలో పనిమీద బయల్దేరినవాళ్ళు ఆ తుమ్ము వినపడితే మళ్ళీ లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళేవారు. తగువులన్నీ అతని దగ్గరికే పోసాగాయి.

లలితాంబగారు భర్తని తెనాలి డాక్టరుకి చూపించారు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి దగ్గమన్నాడు.

"ఎందాకా వెళ్తోందండి?"

"మా వీధి చివర చింతచెట్టు దాకా," అన్నారు లలితాంబగారు.

"ఇదివరకో?"

"రేపల్లె."

డాక్టరు తలూపాడు. మండలాలొచ్చాక ఈ కేసులు ఎక్కువయ్యాయని, ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పి పంపేశాడు.

ఉప్పునీళ్ళకి ఏం తగ్గలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ దగ్గు చింతచెట్టు దాకా కూడా పోకుండా వీధిగుమ్మంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత వంటింట్లోకి కూడా రాలేదు. ఆఖరికి మాట కూడా అదే దారి పట్టింది, పక్కన కూర్చుంటేనే వినపడేది. లలితాంబగారు ఎండ పొద్దు చూసుకుని కాఫీ పెట్టడం అలవాటు చేసుకున్నారు.

అలా ఉండగా, వేములదిబ్బ నుంచి కాలవ గట్టు వెంబడి తారురోడ్డు వేస్తారని తెలిసింది. చివరి తూము ఎటూ మూతపడిందే కాబట్టి దాన్ని పూర్తిగా పూడ్చి, దానిమీదుగా రోడ్డు తీసుకెళ్తారట. పూడ్చారంటే ఆండాళమ్మ ఎకరానికి ఇక నీళ్ళన్న మాటే లేదు. అది తన చేనని, తూము తెరవాలని ఆవిడ పాండురంగారావుకి మొరపెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పంచాయతీ.

ఆ సంగతి చెప్పి లలితాంబగారు భర్త ఎదురుగా పీట వేసుకు కూర్చున్నారు.

"మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా? ఆవిరి పట్టించింది నేనే కదా. ఆరోజు మీకు జలుబని నేనైనా చెప్పి వస్తాను."

అన్నేళ్ళూ ఆవిడకి తెలుసని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆయన చెప్పులు వేసుకున్నారు.

తగువు కోసం ఆయన కాలవ దాటడం అదే మొదలు. మండలాఫీసు వసారాలో జనం నిండిపోయారు. ఆయన వచ్చింది ఎవరూ గమనించలేదు. వెళ్ళి ఆండాళమ్మ పక్కన నిలబడ్డారు. ఆవిడ చూసి కాస్త పక్కకి జరిగింది. ఇసుకపూడి నుంచి వచ్చిన ఆదెయ్య, ఆ తూము పెద్దాయన దగ్గి మూయించిందని, గండి కొట్టినవాళ్ళకి నీళ్ళేంటని అంటున్నాడు. ఆండాళమ్మ మళ్ళీ ఎండ్రకాయల సంగతి మొదలుపెట్టింది. మాట సగంలో ఉండగా పాండురంగారావు ముక్కు ఎగబీల్చి గట్టిగా తుమ్మాడు.

జనం తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఆండాళమ్మ నోరు మూతపడింది, అచ్చం అప్పటిలాగే.

"కూర్చోండి," అన్నారు అచ్యుతరామయ్యగారు. ఆ మాట పక్కనున్న ఆండాళమ్మకి తప్ప ఎవరికీ చేరలేదు. ఆవిడ ఆయన వంక తిరిగి చూసింది. తర్వాత గొంతెత్తింది.

"బాబాయిగారు కూర్చోమంటున్నారు."

అప్పుడు చూశారు అందరూ ఆయన్ని. నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే కూర్చున్నారు.

"అది ఒట్టి తుమ్మేనంటున్నారు."

పాండురంగారావు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "ఒట్టి తుమ్మే పెదనాన్నగారూ. రోడ్డు దుమ్ము."

ఆయన ఇంకో మాట చెప్పారు. దాన్ని ఆండాళమ్మ వెంటనే అందరికీ చెప్పలేదు. చెప్పేటప్పుడు గొంతు తగ్గింది.

"ఆరోజు తనది కూడా ఒట్టి దగ్గేనంటున్నారు. జలుబంట. తెలిసి కూడా చెప్పలేదంట."

ఆదెయ్య తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ అన్నది మాత్రం తన సొంత మాటే.

"ఆమాట ఆరోజే అనుంటే మిరియాల చారు కాచిచ్చేదాన్ని కదండీ, బాబాయిగారూ."

ఎవరూ నవ్వలేదు. పాండురంగారావు లేచి తూము తెరిపిస్తానని, రోడ్డు కింద సిమెంటు గొట్టం వేయిస్తానని అన్నాడు. అప్పట్నుంచి తగువు మధ్యలో తుమ్మొస్తే, ఇది తుమ్మేనండి, మీరు చెప్పండి, అనడం అతనికి అలవాటైపోయింది.

ఆ ఏడే ఆండాళమ్మ చేలో నాట్లు పడ్డాయి. బీడు పడ్డ ఏళ్ళు వెనక్కి రాలేదు, అది ఆయనకి తెలుసు. రోజూ నూతి దగ్గర పుక్కిలించి దగ్గేటప్పుడు అదే గుర్తొచ్చేది. ఆ దగ్గు లలితాంబగారికి వినపడేది కాదు, చింతచెట్టు మీది కాకికీ వినపడేది కాదు.

ఊరు ఊరంతా దాటి, చివరి తూము దగ్గర మాత్రం స్పష్టంగా వినపడేది. అది విని ఆండాళమ్మ తూము పలక ఎత్తేది. ఈ సంగతి ఆవిడ ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. దగ్గిన తర్వాత, చుట్టూ ఎవరూ లేకపోయినా, ఆయన మెల్లిగా "జలుబేనమ్మా" అనేవారు.

అది కూడా ఆవిడకి వినపడేది.