ఒళ్లొక చోట, బుర్రొక చోట

ఈత క్లాసూ, జ్ఞాపకశక్తి క్లాసూ రెండూ సాయంత్రం అయిదింటికే కాబట్టి, హంసిని కొన్ని నెలలుగా రెండుగా విడిపోయి వెళ్తోంది. ఒళ్లు నాన్న ముకుందంతో స్కూటరు మీద ఈతకు పోతుంది. బుర్ర అమ్మ హైమ హ్యాండ్‌బ్యాగులో కూర్చుని జ్ఞాపకశక్తికి పోతుంది.

ఇందులో వింతేమీ లేదు. ఎదురింటి పిల్లాడు మూడుగా వెళ్తున్నాడు, వాళ్లకి కారుంది. ముక్కులోకి నీళ్లు పోవడం లేదని ఈత మాస్టారు కూడా సంతోషిస్తున్నాడు.

బయల్దేరే ముందు దేని డబ్బా దానిది. ఒంటికి ప్రోటీను పొడి కలిపిన పాలు. బుర్రకు సరస్వతాకు లేహ్యం, నానబెట్టి తొక్క తీసిన బాదంపప్పులు. వెన్నతో పెట్టిన విద్య అంటే ఇదేనని హైమ మురిసిపోతుంది.

మురిసిపోతుందే గానీ, ఈ విడిపోవడం తన నోటి చలవేనని ఆమెకు తెలుసు. లెక్క తప్పితే "బుర్ర ఎక్కడ పెట్టావే?" అంది. పాలు ఒలికితే "ఒళ్లు దగ్గర పెట్టుకో" అంది. రోజూ అదే పాట. చెప్పిన మాట వినే పిల్ల పాపం, దేన్ని ఎక్కడ పెట్టాలో నేర్చేసుకుంది.

ఓ గురువారం జ్ఞాపకశక్తి క్లాసు లేదంటారు. హైమ తొందరగా ఇల్లు చేరేసరికి భోజనాల బల్ల కింద చెంబంత పిల్ల కూర్చుని ఉంటుంది. అచ్చం హంసినే.

"నువ్వెవరే?"

"మిగిలిందాన్ని."

"ఏమన్నా తిన్నావా?"

"నాకు డబ్బా లేదు కదమ్మా."

"మరి ఏం చేస్తున్నావు ఇక్కడ?"

"ఏమీ చెయ్యట్లేదు. అది చెయ్యడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా."

హైమ చేతిలో తాళం వంక చూసుకుంటుంది. ఇన్నాళ్లూ తాళం వేసి వెళ్లింది దీని మీదే. పెరుగన్నం కలిపి పెడుతుంది. పిల్ల నోరు తెరుస్తుంది గానీ మెతుకు పట్టదు. నోరు అప్పటికే గురివింద గింజంత అయిపోయింది.

ఒంటిని తీసుకుని ముకుందం వస్తాడు. హైమ బల్ల కింద చూపిస్తుంది.

"అదేం చేస్తుందంట?" అంటాడతను.

"ఏం చెయ్యదండీ. మన పిల్ల."

"ఏం చెయ్యందాన్ని ఏ బ్యాచిలో వెయ్యమంటావు?"

 నిన్నటిదాకా హైమదీ ఆ మాటే.

మూడింటినీ కలిపెయ్యాలని కూర్చుంటుంది. ఒళ్లు గుమ్మమంత పెరిగింది. వంగి, పిల్లను తడిమి, ఇందులో పట్టనన్నట్టు మర్యాదగా చేతులు కట్టుకుంటుంది. హైమ బ్యాగులోంచి బుర్రను తీసి, "నువ్వైనా దీన్ని కలుపుకోవే, నీదేనే," అని బతిమాలుతుంది.

బుర్ర చాలాసేపు చూస్తుంది. "దేశాల రాజధానులన్నీ వరసగా చెప్పమంటే చెప్తానమ్మా. ఈ పాపెవరో మాత్రం గుర్తు రావట్లేదు."

పిల్ల ఏడవదు. "అమ్మా, నీ ఒళ్లో పడుకుంటానే," అంటుంది. గొంతు చీమ నడిచినంత.

హైమ గబుక్కున కింద కూలబడి చీర సర్దుకుంటుంది. ఒడి ఉండాల్సిన చోట క్లాసు బయటి వరండా ఉంది. ఇనప కుర్చీల్లో తల్లులంతా బ్యాగులు పట్టుకుని, తలలు వంచుకుని ఎదురు చూస్తున్నారు. పిల్ల మోకాలి మీంచి దిగి అందులోకి నడుస్తుంది. ప్రతి కుర్చీ దగ్గరా ఆగి మొహంలోకి చూస్తుంది. తల్లులు తలెత్తకుండానే కాళ్లు పక్కకు తీసుకుంటారు. వరండా పొడుగవుతూనే ఉంది. పైనుంచి హైమ పేరు పెట్టి అరుస్తుంది. ఆ అరుపు కింద ఫ్యాను తిరుగుడుగా వినిపిస్తుంది.

చిట్టచివరి కుర్చీలో హైమే కూర్చుని ఉంది. పిల్ల ఆమె ముందు నిలబడి రెండు చేతులూ చాస్తుంది. ఆ హైమ బ్యాగును దగ్గరికి లాక్కుని, పిల్లను పైనుంచి కిందికి చూసి, జాలిగా అడుగుతుంది.

"మీ అమ్మ ఇంకా రాలేదా, పాపా?"