విత్తని చెయ్యి

ఒక మనిషి తన మేలు కోరుకున్నప్పుడు, దానితోపాటు ఇంకా ఏమేమి కోరుకుంటున్నాడో అతనికి తెలుస్తుందా? ఆ వేసవి అంతా నన్ను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఇది. జవాబు తెలిసిన తరువాత కూడా కొన్నాళ్లు అడుగుతూనే ఉన్నాను. ప్రశ్నగా ఉన్నంతకాలం దాని విషయంలో ఏమీ చేయనక్కరలేదు.

అనంతపురంలో బి.ఏ. చివరి సంవత్సరం. పరీక్షలకు ముందు, తత్వశాస్త్రం చెప్పే శ్రీరంగప్ప గారు మమ్మల్ని ఒక్కొక్కరిని లేపి, చదువు ముగిశాక ఏం కాదలచుకున్నారో చెప్పమన్నారు. కొత్త రాష్ట్రం వస్తోంది, కొత్త కచేరీలు వస్తాయి అనుకుంటున్న రోజులు. ఎక్కువమంది సర్కారు కొలువన్నారు. ధర్మవరం రామాంజులు మాత్రం, మగ్గం గుంటలో తప్ప ఎక్కడ కూర్చోబెట్టినా కూర్చుంటానన్నాడు. అందరం నవ్వాం. నా వంతు వచ్చినప్పుడు, వాన మీద ఆధారపడని పని ఏదైనా చాలునన్నాను. ఈ జిల్లాలో అలాంటి పని ఎక్కడైనా దొరికితే తనకూ ఒక మాట చెప్పమన్నారు శ్రీరంగప్ప గారు. మళ్లీ నవ్వాం. ఆ నవ్వినవాళ్లలో సగంమంది కరువుకు గంజి కేంద్రాలు తెరిచిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే.

పరీక్షలు రాసి, కుందుర్పి అవతల ఉన్న మా ఊరికి వచ్చాను. వానలు ఎగ్గొట్టిన రెండో ఏడు అది. ఊరంతా కరువు పనిలో ఉంది: గుట్ట దగ్గర రాళ్లు పగలగొట్టి రోడ్డుకు కంకర చేయడం. ఓవర్సియరు నారాయణప్ప నా చదువు సంగతి విని హాజరు పిలిచే పని నాకిచ్చాడు. రోజూ పొద్దున వరుసగా కూర్చున్నవాళ్ల పేర్లు పిలిచేవాణ్ని. ఆ వరుసలో మా నాయన నల్లప్ప, మా అమ్మ తిప్పమ్మ కూడా ఉండేవారు. నాయన పేరు పిలిస్తే, అందరిలాగే ఆయన కూడా తల ఎత్తకుండా "ఉండా" అనేవాడు.

ఒక రోజు నారాయణప్ప నన్ను డేరాలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఈ పని దీపావళి దాకా ఆగకుండా సాగితే, నా పేరు పైకి రాసి సర్కారు కొలువు ఖాయం చేయిస్తానన్నాడు. ఇదివరకు ఇద్దరికి చేయించాడట. అయితే జనం పలచబడితే పని మూసేయాలని పైనుంచి ఉత్తర్వు ఉంది.

"వాన పడితే మీవాళ్లు సుత్తి పారేసి విత్తే గొర్రు పట్టుకుంటారు. అప్పుడు ఈడ నాకూ పనుండదు, నీకూ పనుండదు" అని నవ్వాడు.

ఆ మాట ఇంట్లో చెప్పాను. నాయన సంకటి ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. దీపావళి దాకానా అని మాత్రం అడిగాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. సుత్తులన్నీ ఆగాయి. అందరితోపాటు నేనూ పైకి చూశాను. గాలి లేచి మబ్బును చెదరగొట్టింది. వరుసలో ఎవరో నిట్టూర్చారు. నాలో మాత్రం ఏదో తేలికపడింది. ఆ తేలిక ఏమిటో గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక, పేర్ల పట్టీలోకి తల దించుకున్నాను.

జూలైలో వాన కురిసింది. సాయంత్రం మొదలై తెల్లవారేదాకా, నేల నిండా.

మా ఊళ్లో తొలి విత్తు మా నాయన చేతిది. ఆయన విత్తాకే మిగతావాళ్లు గొర్రు కడతారు. ఎప్పుడో ఒక ఏడు ఆయన జ్వరంతో పడుకుంటే జనం ఆగకుండా విత్తారట, పైరుకు తెగులు తగిలి ఊరంతా పస్తులున్నదట. నేను దాన్ని నమ్మలేదు. కానీ ఊళ్లో నమ్మనివాణ్ని నేనొక్కణ్నే. ఆ తెల్లవారి మా వాకిట్లో జనం నిలబడ్డారు. నాయన సుత్తి భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"నేలలో పదును సాల్లేదు. ఇంకో వాన పడనీ" అన్నాడు.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ఆయన వెనకే గుట్టకు నడిచారు. హాజరు పిలిచాను. ఒక్కరూ తప్పలేదు.

మరునాడు గాలి మొదలైంది. మధ్యాహ్నం గంజి వేళ నేనొక్కణ్నే మా చేనికి వెళ్లి వేళ్లతో తవ్వి చూశాను. జానెడు లోతున మన్ను ముద్ద కట్టింది. విత్తడానికి ఆ పదును చాలునని నాకే తెలిసిపోయింది. ఆయనకు తెలియకపోవడమనేది ఉండదు. తిరిగి వచ్చి, చేతులు దులుపుకుని, మధ్యాహ్నం హాజరు పిలిచాను. నాయన ఊరికి అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం నా కోసం. దాన్ని నేను అడగలేదు. కాదనలేదు కూడా. కాదననివాడు అడిగినవాడికంటే ఎంత దూరంలో ఉన్నాడో ఆ పూటంతా కొలుచుకుంటూ కూర్చున్నాను.

మూడోనాడు హాజరు వేళ మా పొరుగింటి సుంకప్ప గట్టిగా అన్నాడు: "ఏమప్పా కదిరప్పా, మీ నాయన ఈ ఏడు కంకర విత్తుతాడా? మొలకొస్తే మాకూ చెప్పు."

వరుసలో నవ్వులు లేచాయి. నాయన సుత్తి ఆగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ అటక మీది విత్తనాల కుండ దించి గడప పక్కన పెట్టింది. బూడిద కలిపి, పేడతో మూతి మెత్తిన కొర్రలు. గంజి కోసం ముంత పట్టుకుని నిలబడిన రోజుల్లో కూడా ఆమె ఆ కుండ ముట్టలేదు. ఇప్పుడు దాన్ని అక్కడ పెట్టి, తను పొయ్యి దగ్గరికి వెళ్లింది. నాయన కుండను చూసి, పక్కకు తప్పుకుని లోపలికి నడిచాడు.

"పదును ఉండాది నాయనా. నేను చూసినా" అన్నాను.

"నేనూ చూసినా."

"మరి ఊరంతా నీ చెయ్యి కోసం చూస్తాండాది."

"చూడనీ. ముప్పై ఏండ్లు మొగం పైకెత్తి మబ్బు చూసినా. ఏమిచ్చినాది? నీకు నీడలో కూసునే పని దొరుకుతాండాది. దాన్ని నా చేత్తో చెడగొట్టుకోను." ఆవుకు మేత వేసే సంగతి చెప్పినంత మెల్లగా అన్నాడు: "ఇంగ రెండు దినాలు గాలి కొట్టి నేల ఆరితే ఎవురూ దేనికోసమూ చూడరు. అందరూ పనిలోనే ఉంటారు."

ఆయనలో క్రూరత్వం లేదు. ఉంటే నాకు సులభంగా ఉండేది. జీవితమంతా తనకు ద్రోహం చేసిన ఆకాశం నుంచి కొడుకును విడిపించాలని చూస్తున్నాడు. అందుకు ఊరిని వెలగా పెట్టాడు. కోరిక నాది. చెయ్యి ఆయనది.

తెల్లవారాక ఒక్కటే తేలింది. ఈ హాజరు పట్టీ నా చేతిలో ఉన్నంతకాలం ఆయన చెయ్యి విత్తనం పట్టదు. ఇన్నాళ్లూ ఆలోచించిందంతా ఈ ఒక్క మాట దగ్గరికి రాకుండా తిరిగిన చుట్టుదారి.

హాజరు వేళకు ముందే డేరాకు వెళ్లి పట్టీ నారాయణప్ప ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు. సాయంత్రంలోగా ఇంకొకడు దొరుకుతాడన్నాడు. "పేర్లు పిలిచేవాడు మారితే కరువు మారదప్పా. పోతే మళ్లా రావద్దు" అన్నాడు. రానన్నాను.

నాయన అప్పటికే తన రాళ్ల కుప్ప దగ్గర కూర్చున్నాడు. ఆయన ముందు నిలబడి, అందరికీ వినబడేటట్టు చెప్పాను.

"పని వదిలేసినా నాయనా. ఇంగ నాకు ఈడ ఏమీ లేదు."

సుత్తి ఆగింది. తల ఎత్తి నన్ను చూశాడు.

"ఎంత పని చేస్తివిరా" అన్నాడు నాయన. ఆయన ముఖంలో నేను చూసింది క్షమ కాదు. ఈ రోజు వరకూ దాన్ని క్షమ అనుకోవడానికి ప్రయత్నించలేదు.

ఇంటికి వెళ్లి గొర్రు, కాడి భుజానికెత్తుకున్నాను. ఎద్దులు లేవు. ఒకటి నిరుడు చచ్చింది, రెండోదాన్ని కళ్యాణదుర్గం సంతలో అమ్మేశాం. అమ్మ కుండ చంకనెత్తుకుని నా వెనక వచ్చింది. చేను గట్టు మీద కాడి దించి తాళ్లు బిగిస్తుంటే నాయన వచ్చాడు. ఆయన వెనక, కొంత ఎడంగా, జనం. ఆయన వంగి మన్ను తీసి పిండి చూశాడు. అది ముద్దయి, వెంటనే విరిగిపోయింది.

"పైన ఆరిపోయినాది. సగం మొలిస్తే గొప్ప" అన్నాడు, నావైపు చూడకుండా.

కాడి ఒక కొస నా భుజం మీద పెట్టుకున్నాను. రెండో కొస కింద సుంకప్ప వచ్చి నిలబడ్డాడు. అమ్మ గొర్రు మేడి పట్టుకుంది. నాయన కుండ మూతి పగలగొట్టి పిడికెడు కొర్రలు తీశాడు. ఆ పిడికిలి కాసేపు తెరుచుకోలేదు. తరువాత గొర్రు గొట్టాల్లోకి గింజలు జారుతున్న చప్పుడు వినిపించింది.

నేను ముందుకు వంగి లాగాను.