మాస్టారు ఎత్తిన రికార్డు

ఉదయం తొమ్మిదిన్నరకి కొట్టు తలుపులు తీసి, నేల తుడిచి, టీ కప్పు పక్కన పెట్టుకుని అక్కయ్య అట్టముక్కలు రాయడానికి కూర్చునేది. ఆ రికార్డుల కొట్టు ఆవిడదే. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆవిడని అక్కయ్యా అనే పిలిచేవారు. ఎవరూ వినని పాటలు ఎక్కడెక్కడివో తెప్పించడం, ఒక్కోదాని మీద తన సిఫార్సు రాసి అంటించడం ఆవిడ పని, సరదా కూడా.

'గడ్డి కోసే ఆడవాళ్ల పాటలు. పొలంలోనే రికార్డు చేశారు. రెండో పాట మధ్యలో ఎద్దు తుమ్ముతుంది. ఆ తుమ్ము తాళం తప్పలేదు, గమనించండి' అని ఒకదాని మీద రాసింది. 'నలుగురు పోస్టుమేన్లు కలిసి చేసిన మెటల్, అదే, గిటార్ల హోరులో గర్జించే పాటలు. మొదట మెట్ల మీంచి బీరువా దొర్లినట్టుంటుంది. కంగారు పడకండి, ఆరో నిమిషంలో ఏడుపొస్తుంది' అని ఇంకోదాని మీద.

ఆ కొట్లో ఎవరి రికార్డు వాళ్లకే లేస్తుంది. తనది కానిదాన్ని పట్టుకుంటే ఇద్దరు పట్టి లాగినా అరలోంచి కదలదు. తనదైతే కాగితంలా చేతిలోకి వచ్చేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా నడుం పట్టేసి నిలబడిపోతే, పక్కవాళ్లు "అది మీది కాదులెండి, కింద వరస చూడండి" అని చెప్పి తమ వెతుకులాటలో పడేవారు. అక్కయ్యకి మాత్రం అన్నీ ఒకటే బరువు. అమ్మేవాళ్లకి అలా లేకపోతే కొట్టు నడవదు కదా.

ప్రతి గురువారం బడి వదిలాక సంగీతం మాస్టారు వచ్చేవారు. మనిషి పొట్టి, కళ్లజోడు పెద్దది. ఆయన వరస జానపదాల వరస. కొండ మీద మేకల్ని పిలిచే పాటల రికార్డొకటి ఉండేది. దాన్ని రెండువేళ్లతో తీసి, మూలనున్న ప్లేయర్ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. పక్కనే ఉన్న మెటల్ వరసవైపు చూడనైనా చూసేవారు కాదు. "పన్ను పీకించుకునేవాడి అరుపులు నాకెందుకమ్మా!" అనేవారు.

ఒక గురువారం మేకల పాట లేవలేదు.

మాస్టారు రెండు చేతులూ వేశారు. మోకాలు అరకి ఆనించి లాగారు. పక్కదాన్ని లాగారు, దాని పక్కదాన్ని లాగారు. వరసంతా అయ్యేసరికి చొక్కా తడిసిపోయి స్టూలు మీద కూలబడ్డారు.

వినపడని పాట ఎవరికీ లేవదని తెలిసిన అక్కయ్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎన్నాళ్ల నుంచి వినపడ్డం లేదు మాస్టారూ?"

ఆయన గుక్కెడు తాగి గ్లాసు ఒళ్లో పెట్టుకున్నారు. "ఆర్నెల్లయింది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత బడిగంట. ఇప్పుడు పిల్లల గొంతులు. మొన్న నాకు పరీక్ష పెట్టారమ్మా వెధవలు. పాట పాడకుండా అందరూ ఊరికే పెదాలు కదిపారట. నేనేమో శ్రుతి భలే కలిసిందర్రా అని మెచ్చుకున్నాను."

అక్కయ్యకి నవ్వొచ్చింది. మాస్టారు కూడా నవ్వబోయి మానేశారు. "రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను. ఇంట్లో అమ్మాయికి కూడా చెప్పలేదు."

"నా మాట వినిపిస్తోందిగా?"

"నీది బొంగురు గొంతు కదమ్మా."

"బొంగురే మరి. కింది స్వరాలు మీకు మిగిలాయన్నమాట." ఆవిడ లేచి మెటల్ వరసలో చివరికంటా వెళ్లింది. "ఇదిగో, దీన్ని ఎత్తండి. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ముగ్గురు అక్కచెల్లెళ్లు చేశారు. రెండొందల కాపీలే వేశారు."

"నన్ను ఏడిపించకమ్మా."

"ఎత్తండీ, మీ సొమ్మేం పోయింది!"

అప్పటికే భుజాలు పీకుతున్న మాస్టారు పళ్లు బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి, బలమంతా వేసి లాగారు. రికార్డు ఈకలా లేచొచ్చి కళ్లజోడుకి తగిలింది. కళ్లజోడు ఎగిరి పోస్టుమేన్ల రికార్డు మీద పడింది.

అక్కయ్య రికార్డు పెట్టి, ఆయన అరచెయ్యి తీసి ప్లేయర్ ఉన్న బల్ల మీద ఆనించింది. మొదట బల్ల వణికింది, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత పక్కటెముకలు. ఆ గర్జన కడుపులో తిరుగుతోంటే మాస్టారు మొహం చిట్లించుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"ఇది మేకల పాట!" అని కొట్టంతా దద్దరిల్లేలా అరిచారు. "నెమ్మదిగా, ఎక్కడో పాతాళంలోంచి పాడుతున్నారు గానీ, ఇది మేకల పాటే!"

"వాళ్ల అమ్మమ్మ పాడేదట. అట్టముక్క మీద రాశానుగా, చదవరూ!"

మాస్టారు కూర్చోలేదు. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా పాట ఆఖరిదాకా విన్నారు. రెండోసారి పెట్టించుకున్నారు. మూడోసారి ఆయనలోని పంతులు నిద్రలేచాడు. "ఈ పిల్ల గొంతు నలిపేసుకుంటోంది. ఇలా పాడితే రెండేళ్లలో మూగబోతుంది. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్లెవరున్నారు?" అంది అక్కయ్య. "అడ్రసు వెనకాల ఉంది."

ఆ సాయంత్రమే కూతురికి అంతా చెప్పారు. కూతురు బస్సు డ్రైవరు. కోప్పడింది, ఏడ్చింది, శనివారం సెలవు పెట్టింది. "ఎవరింటికి నాన్నా వెళ్లేది?" అని అడిగితే, "అరిచే అమ్మాయిల దగ్గరికి" అన్నారు మాస్టారు.

శనివారం ఆ అక్కచెల్లెళ్లింట్లో తలుపు తీసింది పెద్దమ్మాయి. పాడేది ఆ అమ్మాయే. మాట పెగలడం లేదు. ఇక పాడొద్దని డాక్టరు చెప్పాడట. చెల్లెళ్లిద్దరూ గిటార్లు అప్పటికే అటక ఎక్కించేశారు.

మాస్టారు గదిలో మూలనున్న డోలు లాక్కుని, దాని చర్మం మీద అరచెయ్యి పెట్టారు. "దీని ముందు నిలబడి సన్నగా, గాలి వదిలినట్టు అనమ్మా. గొంతుతో కాదు. పొట్టలోంచి తియ్యి."

అమ్మాయి అంది.

"ఊహూఁ. ఇంకా కిందనుంచి."

మళ్లీ అంది.

"భుజాలు వదిలెయ్. బస్తా దించినట్టు."

పదకొండోసారికి డోలు చర్మం మీద మాస్టారి వేళ్లు ఎగిరాయి. అమ్మాయి గొంతు పట్టుకుని చూసుకుంది. "నొప్పెట్టలేదు!" అంది ఆశ్చర్యంగా. చెల్లెళ్లు నిచ్చెన కోసం పరిగెత్తారు.

మాస్టారు బడికి రాజీనామా ఇచ్చేశారు. పిల్లలు ఈసారి నిజంగానే పాడి పంపించారు. ఆయన బెంచీ మీద చెయ్యి పెట్టి, అందినంత విన్నారు. సంగతి నోటానోటా పాకి, రెండు నెలలు తిరిగేసరికి ఇంటినిండా మెటల్ పాడే శిష్యులు. నల్ల చొక్కాలు, జబ్బల మీద పుర్రె బొమ్మలు. చెప్పులు వరసగా విడిచి, డ్రైవరమ్మ ఇచ్చిన టీ తాగి, కప్పులు కడిగిపెట్టి మరీ గర్జించడానికి కూర్చునేవారు. ఆవిడ వాళ్లందరికీ వదిన అయిపోయింది. తండ్రికి వినిపించాలని బొంగురుగా మాట్లాడీ మాట్లాడీ, బస్సులో కూడా అలాగే అరిస్తే ప్రయాణికులు బుద్ధిగా లోపలికి జరిగేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కచెల్లెళ్ల కచేరీ అయింది. హాలు నిండింది. కూతురు చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంటే, మాస్టారు వేదిక పక్కన నిలబడి చెక్క మీద రెండు చేతులూ ఆనించి కదలకుండా ఉండిపోయారు. చప్పట్లన్నీ అయ్యాక పెద్దమ్మాయి చెమటలు కక్కుకుంటూ, నవ్వుతూ ఆయన దగ్గరికొచ్చింది.

"ఎలా ఉంది మాస్టారూ?"

"మూడో పాటలో రెండో చరణం. స్వరం జారింది."

అమ్మాయి నాలుక కరుచుకుంది. "ఇంత గోలలో ఎవరికీ తెలీదనుకున్నానండీ."

"నాకు వినపడింది" అన్నారు మాస్టారు.