అరిచిన మర్నాడు

సీసాలు వస్తూనే ఉన్నాయి. తెల్లటి దీపాల పలక ముందు నుంచి, ఒకదాని వెనక ఒకటి, మెడలు నిక్కించుకుని బెల్టు మీద సన్నగా గలగలమంటూ సాగిపోతున్నాయి. పగులున్న సీసా వెలుగు ముందుకు రాగానే దాని ఒంట్లో వెంట్రుకంత గీత మెరుస్తుంది. ఆ మెరుపు కనబడగానే మూగన్న చేయి దానంతటదే వెళ్లి సీసా మెడ పట్టుకుని పక్కనున్న ఇనుప డబ్బాలో వేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ చేతికి అదే పని.

ఈరోజు ఆ చేయి చెమటకు జారుతోంది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ప్యాంటుకు తుడుచుకున్నాడో లెక్కలేదు.

అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. గొంతెత్తి మాట్లాడడు కనుక చేరిన కొత్తలోనే తోటివాళ్లు మూగన్న అన్నారు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే సర్దుకుని నిలబడే రకం. అలాంటివాడి ఫొటో ఇవాళ పేపర్లో పడింది. నోరు బార్లా తెరిచి, మెడ నరాలు ఉబ్బి, స్టేడియంలోని అద్దాల గది వైపు వేలు చూపిస్తున్నాడు. ఆ గదిలో కూర్చున్నది ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు యజమాని. ఈ సీసాల ఫ్యాక్టరీ యజమాని కూడా ఆయనే.

తొమ్మిదేళ్ల కిందట ఆయన క్లబ్బును కొన్నప్పుడు మూగన్న కంటే సంతోషించినవాడు లేడు. ఏడేళ్ల వయసులో బాబాయి భుజాలెక్కి చూసిన జట్టు అది. నాకు సవతి లేదని ఎవరన్నారు, ఆదివారం వస్తే అక్కడికే పోతారు అని భార్య ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది. తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. మంచి గోల్‌కీపరును అమ్మేశారు. రెండేళ్లలో ఐదుగురు కోచ్‌లు వచ్చి వెళ్లారు. పిల్లల జట్టును ఎత్తేశారు. సీసా మూతల రంగుకు కలవాలని ఆకుపచ్చ చొక్కాలను నారింజ రంగులోకి మార్చారు. జట్టు లీగులో ఒక మెట్టు కిందికి, మరుసటేడు ఇంకో మెట్టు కిందికి జారింది. మ్యాచ్ పోయిన ప్రతిసారీ మూగన్న కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేవాడే కానీ ఒక్క మాట అనేవాడు కాదు.

నిన్న తమ జట్టు మీద ఐదో గోలు పడినప్పుడు యజమాని ఫోను చూసుకుంటూ నవ్వాడు. మూగన్న ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. మా జట్టు మాకిచ్చి పో అని గొంతు చిరిగేలా అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు.

పొద్దున భార్య పేపరును నాలుగు మడతలు పెట్టి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఎవరడిగినా మీరు కాదనండి," అంది. "ఫొటోలో ముక్కు సరిగ్గా పడలేదు కూడా."

అతను తలూపాడు. ఉంటున్నది కంపెనీ క్వార్టరు. కూతురిది నర్సింగు రెండో ఏడు. ఈ వయసులో ఇంకో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడితే లోపలికి రానిచ్చేదెవరు?

పక్క బెల్టు దగ్గర సీసాలను పెట్టెల్లో సర్దే అతన్ని అందరూ బావ అంటారు. రోజూ నోరు మూతపడని మనిషి ఇవాళ తలెత్తలేదు. ఒక్కసారి మాత్రం మంచినీళ్ల దగ్గర ఎదురై, ఫొటోలో బాగా పడ్డావు మూగన్నా అని గొణిగి, అటూ ఇటూ చూసి, గ్లాసులో నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

సూపర్‌వైజరు గదిలో ఫోను మోగినప్పుడల్లా మూగన్న తల అటు తిరుగుతోంది. భోజనాల గంట తర్వాత, ఎప్పుడూ జరగనిది జరిగింది. పగులున్న సీసా ఒకటి అతని కళ్ల ముందు నుంచే దాటిపోయింది. బావ దాన్ని తీసి తెచ్చి, ఇనుప డబ్బాలో వేసి వెళ్లాడు. మూగన్న దీపాల పలకకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

మూడు దాటాక సూపర్‌వైజరు భుజం తట్టాడు. మేనేజరుగారు రమ్మంటున్నారని చెప్పాడు.

మేనేజరు అరవలేదు. కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో అతన్ని ఎవరూ కూర్చోమనలేదు, అందుకే భయం రెట్టింపైంది. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. మూగన్న జేబులోంచి చదువుకునే కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. నిన్న నేను తాగి ఉన్నాను, ఏం మాట్లాడానో నాకు తెలియదు, యజమానిగారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు అని ఉంది అందులో.

"నాకు తాగుడు అలవాటు లేదండి."

"అదంతా రాతకోతల కోసంలే. సంతకం పెట్టు, రేపు మామూలుగా డ్యూటీకి వచ్చెయ్. నీ మంచికే చెప్తున్నా."

మూగన్న పెన్ను తీసుకున్నాడు. ఇంత తేలికగా పోతుందనుకోలేదు. చెమటకు పెన్ను జారి మొదటి అక్షరం కుదరలేదు. మేనేజరు జాలిపడ్డాడు.

"అయినా నీకెందుకయ్యా ఈ గొడవ? ఎండలు తగ్గేసరికి ఆ క్లబ్బే ఉండదు. స్టేడియం పడగొట్టి గోడౌన్లు కడుతున్నారు. ఈ మాట మన మధ్యే ఉండాలి సుమా."

మూగన్న కాగితాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీసి దాని మీదే పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. పెన్ను మేనేజరు వైపు జరిపి ఏదో అన్నాడు. మేనేజరుకు వినబడలేదు. ఏంటని అడిగాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

"నేను తాగలేదండి. ఏం మాట్లాడానో నాకు తెలుసు."

ఆ తర్వాత మేనేజరు చెప్పినవి సగమే చెవికెక్కాయి. గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మెట్లు దిగుతుంటే కమ్మీని రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. కూతురికి ఏం చెప్పాలి, భార్య ముఖం ఎలా చూడాలి, అదే తలలో తిరుగుతోంది.

గేటు కాపలా మనిషి కార్డు అందుకుంటూ ఏంటి ఇంత తొందరగా అని అడిగాడు. అతనూ ఆదివారాలు స్టేడియానికి వచ్చేవాడే.

"స్టేడియం పడగొట్టి గోడౌన్లు కడతారట," అన్నాడు మూగన్న. "అందరికీ చెప్పు."

రోడ్డు మీదికి వచ్చి టికెట్టుకు చిల్లర లెక్కపెట్టబోయి కళ్లద్దాల కోసం జేబు తడుముకున్నాడు. తల తిప్పి మేనేజరు కిటికీ వైపు చూశాడు. మళ్లీ ఆ మెట్లెక్కే ధైర్యం అతనికి లేదు. వచ్చిన బస్సు ఎక్కేశాడు.

పైన, ఖాళీ కుర్చీకి ఎదురుగా, సంతకం లేని కాగితం మీద, అతని కళ్లద్దాలు కాళ్లు ముడవకుండా అలాగే ఉన్నాయి.